దొంగ ఫ్యాను

నా కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు పిండిమరలా రొద పెడుతోందని మెకానిక్‌ని పిలిస్తే, ఆ పెద్దాయన భార్యని కూడా వెంటబెట్టుకొచ్చాడు.

ఆవిడ కుర్చీలో కూర్చుంది. ఆయన కేబినెట్ మూత తీసి, కార్డుకున్న మూడు ఫ్యాన్లలో మొదటిదాన్ని వేలితో ఆపి, ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ పెదవి విరిచింది.

"ఇది కాదు," అన్నాడు.

ఈ వయసులో కూడా పెళ్ళాన్ని చూసుకోందే పని సాగదు కాబోలు! మా ఆయనా ఉన్నాడు, ఎందుకూ! నిట్టూర్చి ఆవిడకి టీ ఇచ్చాను.

ఆయన రెండో ఫ్యాను ఆపాడు. రొద టక్కున ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. సరిగ్గా అప్పుడే టీ గుక్క వేసిన ఆవిడ మొహం చిట్లించింది.

"ఇదీ కాదు," అంటూ వేలు తీసేశాడు. మళ్ళీ పిండిమర మొదలు.

"అదేమిటండీ, ఆగిందిగా!" అని అరిచాను. ఆయన నావైపు తిరగనే లేదు.

ఆవిడ గబగబా లేచి, ఆయన వేలు పట్టుకుని మళ్ళీ రెండో ఫ్యాను మీదే పెట్టి, నవ్వింది.

"దొరికింది దొంగ!" ఇల్లెగిరిపోయేలా కేకేశాడు.

ఆవిడ నా పక్కకొచ్చింది. "ఆయన చెవులు ఎప్పుడో సెలవు పెట్టేశాయమ్మా. నేను విని మొహం పెడతా, ఆయన చూసి బాగుచేస్తారు. నీ టీలో పంచదారకి బదులు ఉప్పు పడింది."

"అయ్యయ్యో, ఇప్పుడే వేరేది పెట్టిస్తానండీ!"

"ఇప్పుడే వద్దులేమ్మా. ఆయన మూత బిగించేదాకా ఈ మొహం నాది కాదు."