ఇరవయ్యో తొడుగు

"సాబూ, ఇది నీ చేతి పనేనా?"

అప్పుడే కరెంటు పోయింది. ఆదోని బజారులో స్టవ్వులూ పంపులూ బాగుచేసే ఖాసిం సాబ్ చేతిలోని డ్రిల్లు మిషన్ ఇంకా పూర్తిగా ఆగనే లేదు. తలెత్తి చూశాడు. అంగడి ముందు ఒక ఆడమనిషి నిలబడి ఉంది. చాచిన అరచేతిలో తుపాకీ తూటా తాలూకు ఖాళీ ఇత్తడి తొడుగు.

ఖాసిం సాబ్ తొడుగును చూశాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు. నుదుట బొట్టు లేదు. వెలిసిపోయిన చీర పైటను మెడ చుట్టూ కప్పుకుని ఉంది.

పదిహేను రోజుల కిందట కోసిగి దగ్గర ఉరుకుందప్ప అనే రైతును పట్టపగలు చేనులోనే ఎవరో కాల్చి చంపారు. ఎవరన్నది ఇంతవరకు తేలలేదు. ఆ ఉరుకుందప్ప పెండ్లాం ఏదో ఒకరోజు తన అంగడి వెతుక్కుంటూ వస్తుందని ఖాసిం సాబ్‌కు వారం నుంచీ భయంగానే ఉంది. వచ్చేసింది.

"నాకేం తెలీదమ్మా. నేను స్టవ్వులు బాగుచేసేటోణ్ని," అన్నాడు.

"తూటాల మూతులు కోసేది ఆదోనిలో నువ్వొక్కనివే అంట. అందరూ నిన్నే సూపించినారు."

అది నిజమే. పేలిన ప్రతిసారీ తొడుగు మూతి వెంట్రుకవాసి సాగుతుంది. సాగినంత మేరా కోసేస్తే గానీ మళ్లీ మందు నింపుకోవడానికి పనికిరాదు. ఆకురాయితో రుద్దుతూ కూచుంటే పూట పట్టే ఆ పనిని ఖాసిం సాబ్ డ్రిల్లుకు కట్టరు బిగించి చిటికెలో తేల్చేస్తాడు. ఆ పనితనం చూసుకుని ఒకప్పుడు మురిసిపోయేవాడు కూడా.

కోసిగి పక్కన శేషప్ప అనే పెద్దరైతుకు లైసెన్సు తుపాకీ ఉంది. అడవిపందులను కొట్టాక ఖాళీ తొడుగులన్నీ ఏరి, అబ్రహాం అనే ఆయన మనిషి ఇక్కడికి తెచ్చేవాడు. ఎప్పుడు తెచ్చినా ఇరవై. ఒక్కటి తగ్గినా శేషప్ప ఊరుకోడు కాబట్టి గడ్డిలో పడినా వెతికి తెచ్చేవాడు. పోయిన వారం మాత్రం పంతొమ్మిదే తెచ్చాడు.

"ఇంకొకటి యాడప్పా?" అని ఖాసిం సాబ్ అడిగితే, "పోయిందిలే సాబూ," అని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

శేషప్పకూ ఉరుకుందప్పకూ గట్టు తగాదా ఉందని ఊరందరికీ తెలుసు. ఖాసిం సాబ్‌కు అప్పుడే అర్థమైంది. అర్థమై కూడా నోరు మూసుకుని పంతొమ్మిదీ కోసి ఇచ్చాడు. ఆనాటి నుంచి ఆయనకు అన్నం సయించడం లేదు. నమాజుకు కూచున్నా చెవుల్లో డ్రిల్లు చప్పుడే.

"ఒక్కసారి సూడు సాబూ," అంది ఆమె. "నీది కాదంటే నిమ్మళంగా పోతా."

ఖాసిం సాబ్ డ్రిల్లును బల్లమీద పెట్టి, తొడుగు అందుకుని మూతి వెంట గోరు తిప్పాడు. ఆయన కట్టరుకు ఒక పన్ను విరిగింది. అందుకే ఆయన కోసిన ప్రతి తొడుగు మూతికీ సన్నని గీత పడుతుంది. గోరుకు ఆ గీత తగిలింది. నాది కాదమ్మా అంటే చాలు, ఆమె వెళ్లిపోతుంది. అందామనే నోరు తెరిచాడు. మళ్లీ ఆ బోసి నుదురు కనబడింది.

"నాదే," అన్నాడు.

ఆమె అంగడి గడపమీద కూలబడింది. "తెచ్చిచ్చింది ఎవురు?"

"సెప్తే నన్ను బతకనియ్యరు తల్లీ."

"నేనెవురికీ సెప్పను. నాకు తెలిస్తే సాలు."

ఖాసిం సాబ్ కుండలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి ఇచ్చాడు. ఆమె పట్టుకుంది గానీ తాగలేదు.

"అబ్రహాం. శేషప్ప కాడ ఉంటాడు," అన్నాడు.

"తెచ్చినంత మాత్రాన ఆయనే కాల్చినట్లా? తుపాకి శేషప్పది కదా."

మొగుణ్ని పోగొట్టుకుని కూడా ఒకరి మీద ఊరికే నింద వేయడానికి మనసొప్పని మనిషి అనుకున్నాడు ఖాసిం సాబ్. ఆయనకు ఇంకా సిగ్గేసింది.

"శేషప్పకు సూపు పోయి రెండేండ్లాయె. తుపాకి పట్టేది అబ్రహామే. పోయిన వారం పంతొమ్మిదే తెచ్చినాడు తల్లీ. ఇరవయ్యోది ఇదే. ఆ పొద్దు వాని మొగం సూస్తానే నాకు తెలిసిపోయింది. వాడే. ఇంకో మాట లేదు."

చెప్పేశాక వారం రోజులుగా గుండెల మీదున్న బరువు దిగింది. ఆ వెంటే ఏడుపు వచ్చింది. రెండు చేతులూ జోడించాడు.

"నీ బొట్టు సెరిపింది వాడొక్కడే కాదమ్మా, నేను కూడా. పద, పోలీసుల కాడికి పోదాం. నేనే సాక్షి సెప్తా. నన్ను మాత్రం క్షమించు."

కరెంటు వచ్చింది. స్విచ్చి ఆపడం మరిచిన డ్రిల్లు బల్లమీద గిర్రున తిరిగింది. ఖాసిం సాబ్ గబగబా ఆపాడు.

ఆమె నీళ్ల గ్లాసు కింద పెట్టి లేచింది. తొడుగును కొంగున ముడి వేసుకుంది. వేళ్లతో నుదురు ఒకసారి తడుముకుంది.

"మేం బొట్టు పెట్టుకునేటోళ్లం కాదు సాబూ, ఏసుని నమ్ముకున్నోళ్లం," అంది. "ఇది మా ఇంట్లో జొన్నల బానలో సేతికి తగిలింది. నాకేం తెలీదని ఆయన బైబిలు ముట్టి సెప్పినాడు. నువ్వు కూడా కాదంటావేమో, ఆ మాట ఇనిపోదామని వచ్చినా."

ఖాసిం సాబ్ అయోమయంగా చూశాడు.

"అబ్రహాం నా మొగుడు."