తబలా తాతయ్య

టింగ్... టింగ్...

పాప తల దగ్గరున్న మిషను మీద పసుపు లైటు వెలిగింది.

తల్లి దిగ్గున లేచింది.

"సిస్టర్! మళ్ళీ మోగుతోంది!"

"పసుపే కదమ్మా, వస్తాను." నర్సు బల్ల దగ్గర్నుంచి తలెత్తకుండానే అంది.

మిషను తెర మీది గుండె గీతలో ఈ అలకీ ఆ అలకీ మధ్య ఎడం సాగితే మోగుతుందని, మోగితే నర్సుకి చెప్పమని డాక్టరు చెప్పాడు. 'సాగితే' అన్న మాటలో తల్లికి సాగనంపడమే వినిపించింది. అప్పట్నుంచీ ఆ తెర మీంచి కళ్ళు తిప్పుకోలేదు.

"సిస్టర్..."

"అబ్బ, వస్తానన్నాగా!"

అంతలో పక్క మంచం మీది ముసలాయన మిషను గొల్లుమంది. ఎర్ర లైటు.

నర్సు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది తాతయ్యా?"

"ఏమో తల్లీ, కాస్త దడదడలాడింది. ఇప్పుడు సర్దుకుంది."

నర్సు ఊపిరి పీల్చుకుని, ఆ వచ్చిన కాళ్ళతోనే పాప దగ్గర ఆగింది. గీతలు చూసి ముఖం మార్చుకుంది. మందు చుక్కలు ఆపి, డాక్టరుకి ఫోన్ చేసింది.

తల్లికి ఒళ్ళు మండింది. ఎప్పుడూ ఇంతే. ముందు ఆయన, ఆ తర్వాతే నా బిడ్డ. ఆయన బతకాల్సినంత బతికాడు, నా పిల్ల ఇంకా పాలపళ్ళే రాల్చుకోలేదు!

మర్నాడు ఆయన మిషను గొల్లుమన్నప్పుడు తల్లి మంచాల మధ్య వేలాడే గుడ్డ తెర సందులోంచి తొంగిచూసింది.

ముసలాయన తన గుండె మీద అంటించిన మిషను తీగ బిళ్ళ మీద రెండు వేళ్ళతో టకటకా కొడుతున్నాడు!

"సిస్టర్! ఆయనకే జబ్బూ లేదు. బిళ్ళ మీద తబలా వాయిస్తున్నాడు. నా కళ్ళారా చూశాను!"

పెద్ద నర్సు వచ్చి దులిపేసింది.

"ఊసుపోకపోతే పాటలు పాడుకోండి తాతయ్యా! మా కాళ్ళేమైనా అద్దెకి తెచ్చినవా?"

వార్డంతా నవ్వింది. తబలా తాతయ్య అని పేరు పెట్టేసింది.

ఆయన పాప వైపు చూసి కన్నుగీటాడు.

"మా పిల్లకేసి చూడకండి!" తల్లి మధ్యలో తెర బర్రున లాగేసింది.

సాయంత్రం పాప నిద్రపోతోంది. ఎర్ర లైటు గొల్లుమంది.

ఎవరూ లేవలేదు.

"కచేరీ మొదలైంది," నర్సులు నవ్వుకున్నారు.

తల్లి కూడా నవ్వింది. ఈ ఆసుపత్రికి వచ్చాక అదే మొదటిసారి.

మోత ఆగలేదు.

"చేతులు నొప్పెట్టవా పెద్దాయనా?" అంటూ తల్లి తెర తొలగించింది.

ఆయన చేతులు రెండూ మంచానికి అటూ ఇటూ వేలాడుతున్నాయి.

తల్లి కెవ్వుమంది. నర్సులు పరుగున వచ్చారు. డాక్టరు వచ్చి ఆయన గుండె మీద నొక్కీ నొక్కీ, చివరికి చెమట తుడుచుకుని, తనే మిషను ఆపేశాడు.

పాప లేచేసరికి పక్క మంచం మీద కొత్త దుప్పటి పరుస్తున్నారు.

"అమ్మా, తాతయ్య ఏడీ?"

"వెళ్ళిపోయాడు."

టింగ్... టింగ్...

"సిస్టర్! సిస్టర్!"

"పసుపే కదమ్మా, వస్తాను."

పాప ఆ ఖాళీ మంచం కేసి చూసింది.

"నాది మోగినప్పుడల్లా తాతయ్య వాయించి నర్సక్కని రప్పించేవాడు... ఇప్పుడెవరు రప్పిస్తారమ్మా?"