అడిగి తెచ్చిన చొక్కా

జగ్గయ్యపేటలో బట్టల కొట్టున్న నవనీత్, పెళ్లాం డ్రస్సులన్నీ సంచిలో కుక్కి చెత్తబండి దగ్గరికి బయల్దేరాడు. నీరజ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అవి నందిగామ పాత బట్టల కొట్లో నేను ఏరి కొనుక్కున్నవి. కొన్ని నా చేత్తో కుట్టుకున్నవి. కింద పెట్టండి."

"కొట్టు నిండా కొత్తవుంటే ఎవత్తో విడిచిన గుడ్డలేంటే నీకు?"

"కొట్టులో అమ్ముడుపోనివేగా నా మొహాన పడేసేది. ఇవి నాకు నచ్చి తెచ్చుకున్నవి."

"ఊళ్లోవాళ్ల మైల బట్టలు ఇంటికి అరిష్టం. నువ్వైనా చెప్పమ్మా."

వాసవాంబ కోడలికి గడ్డి పెడదామనే వచ్చింది. కొడుకు మాట విని ఆగిపోయింది.

"అరిష్టం అనకురా. నీ ముందు ఇద్దరు పురిట్లోనే పోయారు. ఎవరింట్లోనైనా పాత బట్ట అడిగి తొడిగితే బిడ్డ దక్కుతాడన్నారు. గరికపాడు లారీ క్లీనరు పెళ్లాం వాళ్ల పిల్లాడి చొక్కా ఇచ్చింది. నీ ఒంటి మీద మొదట పడింది అదే."

నీరజ నవనీత్ చేతిలో సంచి లాక్కుంది.

"ఆవిడ ఈయన్ని చూడ్డానికి వచ్చిందా అత్తయ్యా?"

"వచ్చింది."

"లోపలికి రానిచ్చారా?"

వాసవాంబ కోడలి మొహంలోకి చూడలేకపోయింది.

"మెట్ల మీదే నిలబెట్టి పంపించేశా."