ఐదో సెకను

"ఎవర్రా ఈవిడ? గాల్లో ఈగలు తోలుతోంది!"

వెనక నుంచి స్నేహితుడి గొంతు వినపడగానే అతను తుళ్ళిపడ్డాడు. భోజనాల వేళ ఆఫీసు ఖాళీగా ఉంటుంది కదా అని సొంత పని పెట్టుకున్నాడు. తల్లి పనిచేసే బడివాళ్ళు ఆమె పాఠాలను వెబ్‌సైట్‌లో పెడుతున్నారు. ఒక్కో వీడియోకీ పైన ఒక చిన్న బొమ్మ, థంబ్‌నెయిల్ కావాలి. అతనికదో లెక్క కాదు. నల్ల తెర మీద ఒక్క వరుస కమాండ్ కొడితే చాలు, ఫోల్డర్‌లో ఉన్న ప్రతి వీడియోలోంచీ ఐదో సెకను దగ్గర ఒక బొమ్మ తీసి పేర్చేస్తుంది.

పేర్చింది. ప్రతి బొమ్మలోనూ తల్లే. ఒకదాంట్లో చేతులు మొహానికి అడ్డం. ఒకదాంట్లో కనుబొమలు నెత్తికెక్కి, నోరు తెరుచుకుని. ఇంకోదాంట్లో పిడికిలి బిగించి ఎవర్నో కొట్టబోతున్నట్టు.

"ఎవరో టీచరంటలే," అన్నాడు అతను, గబగబా తెర మూసేస్తూ.

అన్నాక మొహం వేడెక్కింది. కన్నతల్లిని పట్టుకుని 'ఎవరో' అన్నాడు.

ఇదేం కొత్త సిగ్గు కాదు. చిన్నప్పుడు తల్లితో బస్సెక్కాడంటే ప్రాణం బిక్కుబిక్కుమనేది. ఏం చెప్పినా ఆమె చేతులు ఊరుకునేవి కావు. జనం మెడలు తిప్పి మరీ చూసేవాళ్ళు. "చేతులు దించమ్మా, అందరూ మననే చూస్తున్నారు" అని పళ్ళు కొరికేవాడు. ఆమె వెంటనే చేతులు ఒళ్ళో పెట్టేసుకునేది. ఇల్లు చేరేదాకా మరి మాట్లాడేది కాదు.

స్నేహితుడు వెళ్ళాక కమాండ్‌లో ఒక్క అంకె మార్చాడు. ఐదు తీసి సున్నా పెట్టాడు. పాఠం ఇంకా మొదలుకాకముందు, తల్లి చేతులు ముడుచుకుని బుద్ధిగా నవ్వే క్షణం అది. ఇప్పుడు బొమ్మలు కుదురుగా ఉన్నాయి. అన్నీ ఒకటేలా ఉన్నాయి.

సాయంత్రం తల్లికి చూపించాడు. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని ఒక్కోటీ చూసింది.

"వీటిలో నేనేం చెప్పడం లేదు కదా నాన్నా?"

"బొమ్మలు మాట్లాడతాయా అమ్మా?" అని నవ్వేశాడు.

ఆమె నవ్వలేదు. "సరేలే, నీకు నచ్చితే చాలు" అంది.

మర్నాడు ల్యాప్‌టాప్ పట్టుకుని తల్లితో పాటు బడికి వెళ్ళాడు. హాల్లో పెద్ద తెర పెట్టారు. ఇంకా అక్షరాలు కుదరని పిల్లలు దాని ముందు మూగారు. 'నీళ్ళు' పాఠం కోసం ఒక పిల్ల ఓ బొమ్మ తాకింది. 'వాన' వచ్చింది. ఇంకోటి తాకింది. 'ఆకలి'. మరోటి తాకి, అదీ కాదని తేలాక, ఏడుపు మొహంతో అతని తల్లి వైపు తిరిగింది.

"అన్నీ ఒకటేలా ఉన్నాయేం బాబూ?" అంది హెడ్మిస్ట్రెస్. "ఏది ఏదో పిల్లలెలా పోల్చుకుంటారు?"

అంతలో తల్లి అడ్డొచ్చింది.

"వాడినేం అనకండి. అలా పెట్టమన్నది నేనే. వాటిల్లో నా మొహం బాగుందని."

హెడ్మిస్ట్రెస్ నవ్వి ఊరుకుంది. అతనికి మాత్రం తల కొట్టేసినట్టయింది. నలుగురిలో తిట్టినా ఇంత బాధుండేది కాదు. తల్లి కళ్ళలోకి చూసే మొహం లేక, ల్యాప్‌టాప్ ముందేసుకుని తలొంచుకు కూర్చున్నాడు. సున్నా తీసేసి ఐదు కొట్టాడు.

తెర నిండా తల్లి చేతులు పరుచుకున్నాయి. ఆ పిల్ల ఈసారి తడుముకోకుండా 'నీళ్ళు' తాకింది.

హాల్లో గుసగుస కూడా లేదు. చెవులు వినపడని ఆ పిల్లలంతా, వాళ్ళలాగే పుట్టి ఏ చప్పుడూ ఎరగని అతని తల్లీ, చేతులు ఊపుకుంటూ ఒక్కసారిగా మాట్లాడేసుకుంటున్నారు.