ఒక్క రాత్రిలో ఒడిసే కిస్సా

"ఏడు అరల కిస్సా ఇయ్యాల వద్దు మునీర్ భాయ్. ఒక్క రాత్రిల ఒడిసేది తియ్యి," అన్నాడు జంగప్ప.

క్యాలెండరు కాగితాల కట్ట విప్పుతున్న మునీర్ ఆగిపోయాడు.

వికారాబాద్ దగ్గర గుట్ట మీది టీబీ దవాఖానలో ఇద్దరివీ పక్కపక్క మంచాలు. పదకొండు నెలలైంది. మునీర్ తాండూరులో దుకాణాలకు బోర్డులు రాసేవాడు. జంగప్పది బొంరాస్‌పేట, బావులు తవ్వే పని. పొద్దు పోక ఇద్దరూ కలిసి ఒక ఆట తయారుచేశారు. పాత క్యాలెండర్ల వెనక కోట కింది సొరంగాలు, అరలు, తలుపులు మునీర్ గీశాడు. ఆడేవాళ్లు గవ్వలు వేసి, అంగీ గుండీలను ఒక్కో అర దాటించుకుంటూ పోవాలి. ఏ తలుపు వెనక ఏముందో మునీర్ కథలాగా చెబుతాడు. ఒక్కో పటం ఒక్కో కిస్సా.

ఆ రాత్రి ఆటకు ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. మర్పల్లి గొర్రెల కాపరి బీరప్ప, తాండూరు స్టేషన్‌లో మూటలు మోసే కరీముద్దీన్. మొన్ననే వార్డులో చేరారు.

"ఏడు అరలది ఆడితెనే గదా వీళ్లకు రుచి తెలిసేది," అన్నాడు మునీర్.

"ఎనిమిది రాత్రులు పడ్తది."

"పడనీ. యాడికి పోవాలె మనం?"

జంగప్ప కిందికి చూశాడు. "కొత్తోళ్లు. సగంల ఆపితే మల్ల కూసోరు. దొంగబావి తియ్యి. మూడే అరలు, ఎవ్వరు సావరు. లైట్లు ఆర్పేలోపల ఒడుస్తది."

మునీర్‌కు నచ్చలేదు. కానీ దొంగబావి జంగప్ప చెప్పగా గీసిన పటం. కాదనలేక మంచం మీద పరిచాడు.

"ముగ్గురు బావిల దిగిండ్రు," అని మొదలుపెట్టాడు. "నీళ్లు లేవు. పక్కకు ఒక తలుపు. లోపల చీకటి. ఏం చేస్తరు?"

కరీముద్దీన్ సిగ్గుపడుతూ నవ్వాడు. బీరప్ప మాత్రం చాలాసేపు ఆలోచించాడు. "ముందుగాల ఒక రాయి ఏస్త. లోపల ఏమన్న ఉంటే కదుల్తది."

మునీర్‌కు ముచ్చటేసింది. పదకొండు నెలల్లో ఎవరికీ తట్టని సంగతి అది. "గవ్వలు ఎయ్యి," అన్నాడు.

గవ్వలు కలిసొచ్చాయి. లోపలున్న పాము బయటికి పారిపోయింది. కరీముద్దీన్ మంచం అంచు దాకా జరిగి కూర్చున్నాడు. రెండో అర తలుపు దగ్గర ఉండగా సిస్టర్ మార్త వచ్చి జంగప్పను బయటికి పిలిచింది.

కూజాలో నీళ్లు పట్టుకుందామని మునీర్ లేచాడు. తలుపు వెనక మార్త మాట వినబడింది.

"డాక్టర్‌సాబ్ సంతకం పెట్టిండు. రేపు పొద్దుగాల తొమ్మిది గంటల బస్సు. చెప్పినవా?"

"లేదు సిస్టరమ్మ. ఆట అయినంక నేనే చెప్త. జర అప్పటిదాంక మీరు అనకుండ్రి."

మునీర్ కూజా అక్కడే పెట్టేసి వెనక్కి వచ్చాడు. ఎవరికి ముందు నయమై గుట్ట దిగే కబురొచ్చినా, మొదట రెండోవాడికి చెప్పాలని ఇద్దరూ ఎప్పుడో చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నారు. ఒక్క రాత్రిలో ఒడిసే కిస్సా ఎందుకు కావాల్సి వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

జంగప్ప వచ్చి తన చోట కూర్చున్నాడు.

"ఏమంటది సిస్టరు?" అని అడిగాడు మునీర్.

"ఏం లేదు. గోలీలు ఏసుకున్ననా అని అడిగింది."

మునీర్ అతని ముఖంలోకి చూశాడు. జంగప్ప గవ్వలు చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వు గవ్వలు ఎయ్యకు," అన్నాడు మునీర్. "బావి కూలింది. జంగప్ప సచ్చిండు."

"గీ కిస్సాల బావి కూలదు గద భాయ్."

"ఇయ్యాల కూలింది."

మునీర్ జంగప్ప గుండీని పటం మీదినుంచి తీసి కింద పడేశాడు. అది మంచం కిందికి దొర్లిపోయింది. జంగప్ప వంగి గుండీని వెతుకుతుంటే మునీర్‌కు ఇంకా మండింది. దొంగబావి పటాన్ని రెండుగా చించాడు. కట్టలోంచి ఏడు అరల పటం తీసి చించాడు. తక్కినవీ వదల్లేదు. చిన్నగా, ఇంకా చిన్నగా, వేళ్లు నొప్పి పుట్టేదాకా చించాడు. దగ్గు వచ్చినా ఆపలేదు.

కొత్తవాళ్లిద్దరూ లేచి గోడ పక్కకు జరిగారు. జంగప్ప నేల మీద కూర్చుని ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. ఏది ఏ పటంలోదో తెలియక అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"పదకొండు నెలలు పక్క మంచం మీద పండుకుంటివి," అన్నాడు మునీర్. "నాకు ఒక్క మాట చెప్పకపోతివి."

"చెప్తే నువ్వు ఆట ఆడిపియ్యకపోదువు." జంగప్ప తలెత్తలేదు. "ఒక్క కిస్సా అన్న సాంతం నీ నోటితోని ఇంటే, వీళ్లకు పట్టువడ్తది అనుకున్న. గీ పటాలు పెట్టుకొని రోజు ముగ్గురం ఆడుకుందుమనుకున్న. నాకైతే గీత గీయరాదు."

"ముగ్గురా? బస్సెక్కి పోయేటోనికి ఆట ఎందుకు?"

జంగప్ప ముక్కలన్నీ ఒళ్లో వేసుకుని, మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు.

"సంతకమైంది నీ కాయితాల మీద, మునీర్ భాయ్."