విత్తనంలో సగం

ప్రమీలమ్మను పిల్లలతో సహా తారానగర్‌లోని పుట్టింటికి పంపడానికి బండి కట్టారు.

మూడో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టిందని ఆమె మామ రామసుబ్బప్పకు కోపం. కొడుకు మాధవకు ఇంకో సంబంధం చూశాడు. సాయంత్రమే తాంబూలాలు. కుడతిని ఊరి చుట్టుపక్కల విత్తనం జొన్నలంటే ఆయన ఇంటివే. ఆయన మాటకు ఎదురులేదు.

అంతలో బళ్లారి బస్సు దిగి డాక్టరమ్మ వచ్చింది. ప్రమీలమ్మకు కాన్పు చేసింది ఆమే. సంగతి తెలిసి, పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చింది.

"మా విత్తనానికి పేరుండాది. నేల చెడితే ఇంకో నేల చూసుకుంటాం. నీకేంది తల్లీ?" అన్నాడు రామసుబ్బప్ప.

ఆమె అరుగు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పింది. మనిషి ఒంట్లో ప్రతి కణంలోనూ క్రోమోజోములని సన్నటి పోగులుంటాయి, నలభై ఆరు. బిడ్డను పుట్టించే కణాల్లో మాత్రం సగమే, ఇరవై మూడు. తల్లి సగం, తండ్రి సగం కలిస్తేనే బిడ్డ. తల్లి ఇచ్చే సగం ఎప్పుడూ ఒకే రకం. తండ్రిది రెండు రకాల్లో ఏదో ఒకటి. ఆడో మగో తేల్చేది తండ్రి సగమే.

"అంటే తప్పు నా కొడుకుదంటావా?"

"తప్పు ఎవరిదీ కాదప్పా. మేం చదివేటప్పుడు నలభై ఎనిమిదని నేర్పించినారు. ఆ లెక్క తప్పని తేలింది, దిద్దుకున్నాం. మీరూ దిద్దుకోవచ్చు."

మాధవ తల వంచుకున్నాడు. ఆడదాని నోట విత్తనం సంగతి వినే ఖర్మ తనకు పట్టలేదని, రామసుబ్బప్ప ఆమెను అరుగు దిగమన్నాడు.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఏదో చెప్పబోయి మానుకుంది. తారానగర్ వెళ్లే బండి వెంట, ప్రమీలమ్మ చెయ్యి పట్టుకుని ఊరి చివరిదాకా నడిచింది.

కొత్త కోడలికీ ఆడపిల్లే పుట్టింది. ఆ తర్వాతా ఆడపిల్లే.

రెండో నేల కూడా చెడిందనడానికి రామసుబ్బప్పకు నోరు రాలేదు. ప్రమీలమ్మకు చేసిన అన్యాయం తలుచుకుని అప్పుడు కుమిలిపోయాడు. డాక్టరమ్మను క్షమించమని అడిగి, ఆమెనే తోడు పెట్టుకుని తారానగర్ వెళ్లి కోడలిని, మనవరాళ్లను తెచ్చుకోవాలని బయలుదేరాడు.

బళ్లారి సత్యనారాయణపేటలో ఆమె ఇల్లు కనుక్కున్నాడు. ముందు గదిలో డాక్టరమ్మ ఫోటోకు దండ వేసి ఉంది. కలరా రోగులకు వైద్యం చేస్తా చేస్తా తానూ పోయిందని పక్కింటి కెంచప్ప చెప్పాడు.

లోపలి నుంచి డాక్టరమ్మ తల్లి వచ్చింది. ఆయన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నువ్వెవరో దానికి తెలుసు. చెప్పుకోవడం ఇష్టం లేక చెప్పలేదు" అంది.

ఆ గొంతు రామసుబ్బప్ప ఎరిగినదే. ఆడపిల్లను కన్నదని ముప్పై ఏళ్ల కిందట తాను వెళ్లగొట్టిన మొదటి భార్య సుంకలమ్మ ఆమె; ఫోటోలో ఉన్నది, తాను పేరైనా పెట్టని ఆ బిడ్డ.