ఏ గట్టు దుప్పులు?

వాగుకి ఈ గట్టు మందా ఆ గట్టు మందా కొట్టుకుంటే అది యుద్ధం. గాయపడ్డవాళ్ళు ఎవరైనా మడుగులో నీళ్ళు తాగొచ్చు, వాళ్ళ మీద ఎవరూ కొమ్ము విసరకూడదు. ఒకే గట్టువాళ్ళు తమలో తాము కుమ్ముకుంటే మాత్రం అది ఇంటిగొడవ. వాళ్ళకి మడుగు లేదు. అడవి కట్టుబాటు అది. ఏది ఏదో తేల్చేది మడుగు కాసే ముసలి తాబేలు.

ఆ ఎండాకాలం వాగు ఎండిపోయింది. ఇసుకలో దుప్పులు కుమ్ముకున్నాయి. డొక్క చీలిన దుప్పి ఒకటి మడుగు దాకా ఈడ్చుకుంటూ వచ్చింది. దాని వెనక ఇంకొన్ని వచ్చి కూలబడ్డాయి.

"తాతా, గుక్కెడు నీళ్ళు."

"ఉండు తల్లీ. వాగే లేనప్పుడు ఏది ఈ గట్టు, ఏది ఆ గట్టు? ముందు అది తేలనీ."

"తేలేదాకా నా ప్రాణం ఆగుతుందా?"

తాబేలు తల లోపలికి ముడుచుకుని ఆలోచనలో పడింది.

తల బయటపెట్టేసరికి పొద్దు గుంకుతోంది. మూలుగులు లేవు. పిట్ట కూడా కూయడం లేదు.

"తేలింది! ఇది యుద్ధమే. రండమ్మా, తాగండి!"

దుప్పులన్నీ చప్పుడు లేకుండా వచ్చి నీళ్ళలో మూతులు పెట్టాయి. తాబేలు మురిసిపోయింది. కానీ నీళ్ళు కదలలేదు. వాటి వెనక ఒడ్డున అవే దుప్పులు ఈగలు ముసిరి పడి ఉన్నాయి.

డొక్క చీలిన దుప్పి తలెత్తింది.

"తాతా, మేమిప్పుడు ఏ గట్టు?"